అడుగలేని వారికిచ్చిన మాట

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 25:4, నిర్గమకాండము 23:5, మత్తయి 21:28-31



గత వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మన సంఘమునకు చెందిన ఒక కళాశాల విద్యార్థిని నాయొద్దకు వచ్చి ఒక కాగితము చేతికిచ్చినది. పట్టణము వెలుపల వీధిజంతువులకు చికిత్స చేసి సంరక్షించు ఒక సంస్థలో రెండు మాసములు జీతము లేకుండ పనిచేయుటకు ఆమె దరఖాస్తు పెట్టుకొన్నది. తెలిసిన పెద్దలొకరి సిఫారసు దానికి జతపరచవలెనట. ఆమెను సండేస్కూలు నాటినుండి ఎరిగినవాడను గనుక, "శ్రద్ధ గలది, నమ్మకస్తురాలు" అని రెండు మాటలు వ్రాసి సంతకము చేసితిని.

ప్రక్కనే నిలిచియున్న ఆమె తండ్రికి ఇది నచ్చలేదు. "అయ్యగారూ, మీరైనా చెప్పండి. పెద్దాసుపత్రి వరండాలో మనుషులు పడి ఉన్నారు. వాళ్లను వదిలిపెట్టి కుక్కలకు సేవ చేయడమేమిటి?" అని ఆయన అడిగెను.

ఆ పిల్ల తల వంచుకొని, "నాన్న సందేహం వేరు, నాది వేరు అయ్యగారూ. కాలేజీలో సర్టిఫికెట్టు అడుగుతున్నారు గనక వెళ్తున్నాను. దీన్ని సేవ అనవచ్చా?" అన్నది.

వెలుపల నాకొరకు వేచియున్నవారు కొందరుండిరి. "వెళ్లి రా అమ్మా, తరువాత మాట్లాడుకొందము" అని పంపివేసితిని. ఆ రెండు ప్రశ్నలును తొందరలో త్రోసివేయదగినవి కావని నాకు రెండు మాసముల తరువాత తెలిసినది. ఆ సంగతియే ఈ మాసము మీతో పంచుకొనగోరుచున్నాను.

ఆ పని ఎట్టిది?

ఇంటర్న్‌షిప్ అను మాట ఇప్పుడు మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. చదువుకొనుచున్నవారు కొంతకాలము ఒక కార్యాలయములోనో కర్మాగారములోనో సేవాసంస్థలోనో పనిచేసి అనుభవము సంపాదించుకొనుటయే అది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరమునుండి అది డిగ్రీ చదువులో తప్పనిసరి భాగమైనది. జంతుసంరక్షణ సంస్థలలో ఇట్టి పనికి సాధారణముగా జీతముండదు. మద్రాసులో 1959లో ఆరంభమైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, హైదరాబాదులో 1992లో అమల అక్కినేని గారు స్థాపించిన బ్లూ క్రాస్ మొదలైన సంస్థలు స్వచ్ఛంద సేవకుల సహాయముతో నడచుచున్నవి.

ఈ పని అనగానే మన పిల్లల కన్నులకు కట్టునది ఒక కుక్కపిల్లను ఒడిలో పెట్టుకొనిన చిత్రము. వాస్తవమైన పని అంత ముచ్చటైనది కాదు. ఉదయమే గూళ్లు కడుగవలెను, పెంట ఎత్తవలెను, గిన్నెలు తోమి నీళ్లు నింపవలెను. ఏ జంతువు ఎంత తిన్నది, దేనికి ఏ మందు ఇచ్చిరి అని రిజిస్టరులో వ్రాయవలెను. పశువైద్యుడు కట్టు కట్టునప్పుడు కదలకుండ పట్టుకొనవలెను. ఫోనులో వచ్చు ఫిర్యాదులకు ఓర్పుతో సమాధానము చెప్పవలెను. పిచ్చికుక్కకాటు జ్వరమునకు ముందుగా వేయు టీకాను, వైద్యుని సలహాతో, పనిలో చేరకమునుపే వేయించుకొనవలెను. కరచినను గీరినను వెంటనే 15 నిమిషములు సబ్బునీటితో గాయము కడిగి, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు వెళ్లవలెను.

ఇందులో ప్రేమ ఒక్కటే చాలదు. పార్వో అను వ్యాధి కుక్కపిల్లలను త్వరగా చంపును. ఆ క్రిమి మనుష్యుల చేతులమీద, బట్టలమీద, చెప్పులమీద ఒక గూటినుండి మరియొక గూటికి ప్రయాణము చేయును. రోగముతోనున్న పిల్లను జాలితో ఎత్తుకొని, అవే చేతులతో ఆరోగ్యముగానున్న పిల్లలను ముద్దుచేసినవాడు వాటికి మరణము మోసికొనిపోవుచున్నాడు. తల్లి లేని పసిపిల్లలకు పాలు పట్టుటకును పద్ధతి యున్నది. మనము శిశువును వెల్లకిల పండుకొనబెట్టి పట్టినట్లు పట్టినయెడల పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. బోర్లగానే ఉంచి పట్టవలెను. ఒళ్లు చల్లబడిన పిల్లను ముందు వెచ్చచేసి, ఆ తరువాతనే పాలివ్వవలెను. మొదటి దినములలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రియు పగలును, ఆ పని జరుగవలెను. ఈ చివరి మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

తండ్రి అడిగిన ప్రశ్న

మనుష్యులు బాధపడుచుండగా మృగములకు సేవయేల? ఈ ప్రశ్నలో న్యాయమున్నది. దీనిని పరిహాసము చేయరాదు. అయితే చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూడుడి.

ఇంగ్లాండులో 1822లో రిచర్డ్ మార్టిన్ ప్రయత్నమువలన పశువులను హింసించుటను శిక్షించు చట్టము వచ్చెను. చట్టము కాగితముమీద ఉన్నంతమాత్రమున గుఱ్ఱముమీద కొరడా ఆగదు గనుక, ఆర్థర్ బ్రూమ్ అను సంఘకాపరి 1824 జూన్ 16న లండనులోని ఒక కాఫీ హోటలులో కొందరిని సమావేశపరచెను. జంతుహింస నివారణ సంఘము అక్కడ పుట్టినది. ఆ బల్లచుట్టు కూర్చున్నవారిలో విలియం విల్బర్‌ఫోర్స్, థామస్ ఫోవెల్ బక్స్టన్ ఉండిరి. బానిసల వ్యాపారమును రద్దుచేయించుటకు పోరాడినది ఆ మొదటివాడు. బానిసత్వమునే తీసివేసిన 1833 నాటి చట్టమునకై పార్లమెంటులో నాయకత్వము వహించినది ఆ రెండవవాడు. గుఱ్ఱముమీద జాలి చూపినందున వారి హృదయములో బానిసకు చోటు తగ్గలేదు. కరుణ ఒకరికిచ్చినయెడల మరియొకరికి మిగులకపోవుటకు అది కుండలోని గింజలవంటిది కాదు.

మన దేశములో 1861లో కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ అను చిత్రకారుడు ఇట్టి సంఘమును స్థాపించెను. 1960లో జంతుహింస నివారణ చట్టమును, 1962లో రుక్మిణీదేవి అరండేల్ అధ్యక్షతను జంతుసంక్షేమ బోర్డును ఏర్పడినవి.

ఇంకొక సంగతి కూడ కలదు. మనుష్యులకు రేబిస్ వ్యాధి సోకుట నూటికి 99 వంతులవరకు కుక్కలవలననే. దానివలన చనిపోవువారిలో నూటికి సుమారు 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక ప్రాంతములోని కుక్కలలో నూటికి 70కి టీకా వేసినయెడల ఆ వ్యాధి వ్యాపింపకుండ ఆగునని కూడ ఆ సంస్థయే చెప్పుచున్నది. కాబట్టి కుక్కను పట్టుకొని టీకా వేయించువాడు ఆసుపత్రి వరండాలోని బిడ్డను మరచినవాడు కాడు.

అయినను ఆ తండ్రి మాటలో ఒక హెచ్చరిక మిగిలియున్నది. లూకా 13వ అధ్యాయములో, విశ్రాంతిదినమున ఎద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోవువారే పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయిన స్త్రీకి విడుదల కలుగుటను చూచి కోపపడిరి. ప్రభువు వారు ఎద్దును విప్పుటను తప్పుపట్టలేదు. అది సరియైనదేయని ఒప్పుకొని, అక్కడనుండి ఆ స్త్రీయొద్దకు వారిని నడిపించెను. మృగముమీద దయ అక్కడనే ఆగిపోకూడదు. వీధికుక్కకు అన్నము పెట్టి, దాని ప్రక్కన చెత్త ఏరుకొను పిల్లవానిని కసరుకొనువాడు ఇంకను నేర్చుకొనవలసినది చాల యున్నది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న

రెండు మాసములు గడచిన తరువాత ఆ పిల్ల మా ఇంటికి వచ్చి సర్టిఫికెట్టు నా బల్లమీద పెట్టినది. సంతోషముగా నుండునని తలంచితిని. ఆమె కన్నులు ఎఱ్ఱగా నుండెను.

ఆ సంస్థకు ఎవరో కాలువ గట్టున దొరికిన మూడు కుక్కపిల్లలను తెచ్చి యిచ్చిరి. కన్నులు ఇంకను తెరువలేదు. వాటికి పాలు పట్టు పని ఈమెకును మరియొక విద్యార్థికిని అప్పగించిరి. మధ్యాహ్నము రెండు గంటల వంతు ఈమెది. ఒక శనివారము పినతండ్రి కుమార్తె ప్రధానము. ఉదయము వచ్చు కుఱ్ఱవాడు ఎటులను అక్కడనే యుండును గదా, అతడే పట్టునని తలంచి, ఎవరితోను చెప్పక పండ్రెండు గంటలకే వెళ్లిపోయినది. అతడు తన వంతు ముగించుకొని, ఆమె వచ్చునని తలంచి వెళ్లిపోయెను. జీతమునకు పనిచేయు ఆయా వెనుక దొడ్డిలో పశువుల కొట్టము కడుగుచుండెను. సాయంత్రము ఆరు గంటలకు ఎవరో పెట్టె మూత తీసి చూడగా, వేడినీళ్ల సీసా చల్లారియున్నది. మూటిలో చిన్నది కూడ చల్లబడియున్నది. వెచ్చచేయుటకు ప్రయత్నించిరి. ఆ రాత్రి అది చనిపోయినది.

ఆమెను ఎవరును మందలింపలేదు. "అంత చిన్నవి ఎలాగూ బ్రతకవమ్మా" అని ఓదార్చిరి. రెండు మాసములు నిండిన దినమున, విధులను నమ్మకముగా నెరవేర్చినదని సర్టిఫికెట్టు వ్రాసి యిచ్చిరి.

"అయ్యగారూ, మీరు రాసిన మాటే వాళ్లూ రాశారు. అది నిజం కాదు" అన్నది.

నాకు వెంటనే మాట రాలేదు. ఆ పిల్ల చెప్పినది సరియే గనుక ఓదార్పు మాటలు నా నోట నిలిచిపోయినవి. ఆ పసిప్రాణి రెండు గంటలకు పాలు త్రాగియున్నను బ్రతికెడిది కాదేమో. అట్టివి తరచుగా చనిపోవును. అయితే మన ముందున్న ప్రశ్న అది కాదు. రెండు గంటలకు వత్తునని ఆమె మాట యిచ్చినది. ఆ మాట ఏమైనది?

లోకములో మన మాటలకు కాపలా యుండును. అప్పు తీర్చకున్న అప్పులవాడు గుమ్మములో నిలుచును. పనికి రాకున్న యజమాని జీతము కోయును. స్నేహితుని మరచిన స్నేహితుడు నొచ్చుకొనును. ఇచ్చట అట్టి కాపలా ఏదియు లేదు. పాలు రాలేదని ఆ కుక్కపిల్ల ఎవరితో చెప్పుకొనును? హింసించినవానిని చట్టము శిక్షింపవచ్చును. ప్రాణులయెడల కరుణ చూపుట పౌరుని కర్తవ్యమని 1976లో రాజ్యాంగమునకు చేర్చిన 51ఎ అధికరణములో వ్రాయబడియున్నది. కాని మధ్యాహ్నము రెండు గంటలకు మనలను పాలసీసాయొద్దకు నడిపించు అధికరణము ఏ రాజ్యాంగములోను లేదు. అడుగలేని వారికిచ్చిన మాట, ఇచ్చినవాని మనస్సాక్షిమీదనే నిలువవలెను, నిలువకున్న పడిపోవును.

స్వచ్ఛంద సేవ అను పేరు మనలను ఇక్కడ మోసపుచ్చుచున్నది. నా ఇష్టముచొప్పున వచ్చితిని గనుక నా ఇష్టముచొప్పున మానవచ్చునని అనుకొందుము. మాట యిచ్చుటకు ముందు మనము స్వతంత్రులమే. వద్దని చెప్పి వెళ్లిపోయినను తప్పు లేదు. ఇచ్చిన తరువాత అది ఋణము. మత్తయి సువార్తలోని ఇద్దరు కుమారులలో, పోనని చెప్పి తరువాత పోయినవాడే తండ్రి చిత్తము నెరవేర్చెను. పోవుదునని మర్యాదగా పలికినవాడు ద్రాక్షతోట గట్టు త్రొక్కలేదు. ఆ రెండవవాని ఒప్పుకోలు ఎంత వినయముగా నుండినను, దానివలన ఒక తీగెకైనను నీరు పారలేదు.

అట్లయినయెడల సర్టిఫికెట్టుకొరకు వెళ్లుట సేవయా? నిర్గమకాండము 23వ అధ్యాయములో, మనలను ద్వేషించువాని గాడిద బరువుక్రింద పడియుండగా చూచి తప్పించుకొని పోరాదనియు, దానిని లేవనెత్తుటకు సాయపడవలెననియు ఆజ్ఞ గలదు. ఆ బాటసారికి గాడిదమీద ముద్దు పుట్టవలెనని అక్కడ చెప్పలేదు. దాని యజమానునిమీద ప్రేమ పుట్టువరకు ఆగుమనియు చెప్పలేదు. చేయి వేసి లేపుమని మాత్రమే యున్నది. లేపినయెడల గాడిద లేచును. కాబట్టి చదువుకొరకు వెళ్లుచున్నానని దాపరికము లేక చెప్పి వెళ్లుటలో పాపము లేదు. వెళ్లిన తరువాత, సర్టిఫికెట్టులోనికి ఎక్కని గంట లెక్కలోనిది కాదనుకొనుటయే పాపము. కేవలము ప్రేమచేతనే వచ్చితినని చెప్పువాడును దీనినుండి తప్పించుకొనలేడు. ప్రేమయున్నది గదాయని చేతులు కడుగుకొననివానికంటె, సర్టిఫికెట్టుకొరకు వచ్చి చేతులు కడుగుకొనువాడే ఆ గూళ్లలోని ప్రాణులకు మేలు.

సంస్థ ఋణము

ఇంతవరకు ఒక వైపే చెప్పితిని. రెండవ వైపు చెప్పకున్న అన్యాయమగును.

కళ్లములో కంకులు త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో నున్నది. కళ్లమెరిగిన మన రైతులకు దీని భావము విప్పి చెప్పనక్కరలేదు. తన కాళ్లక్రింద గింజ రాలుచుండగా ఆకలితో తిరుగుట ఎద్దుకు ఎంత బాధయో వారికి తెలియును. పౌలు ఈ ఆజ్ఞనే రెండు పత్రికలలో పనివాని జీతమునకు అన్వయించెను. దేవునికి ఎడ్లను గూర్చి చింత లేదని పౌలు చెప్పెనని కొందరందురు. నాకట్లు తోచదు. ఎద్దుకు తన వంతు న్యాయముగా రావలసియున్నప్పుడే, అంతకంటె పనివానికి రావలసియున్నదను వాదము నిలుచును. ఎద్దు వంతును కొట్టివేసినయెడల పనివాని వంతుకూడ పడిపోవును.

కాబట్టి ఎద్దును కాపాడు సంస్థ, తనయొద్ద పనిచేయు పిల్లల మూతికి చిక్కము కట్టరాదు. జీతమియ్యలేనప్పుడు శిక్షణయైనను ఈయవలెను. వారు వచ్చినది దానికొరకే. టీకా వేయించుకొనని పిల్లను కుక్కల గూటిలోనికి పంపరాదు. బస్సు చార్జీ పెట్టుకొనలేని బీద విద్యార్థికి ఆ చార్జీయైనను ఇచ్చినయెడల, సేవ కలిగినవారి పిల్లలకు మాత్రమే దక్కిన భాగ్యము కాకుండును. ఉచితముగా వచ్చు విద్యార్థులున్నారని జీతమునకు పనిచేయు ఆయాను తీసివేయుట మరింత అన్యాయము. విద్యార్థి రెండు మాసములకు వెళ్లిపోవును. ఆ గూళ్లు ఏడాది పొడుగున కడుగవలసియున్నవి.

లండను సంఘము మొదటి దినములు దీనికి సాక్ష్యము. ఆర్థర్ బ్రూమ్ ఆ పనికొరకు తన సంఘకాపరి ఉద్యోగమును విడిచిపెట్టెను. పనికి పూనుకొన్నవారు అనేకులు. ఖర్చుకు నిలిచినవారు కొందరే. సంఘము చేసిన అప్పులకై 1826లో ఆయన చెరసాలకు పోవలసివచ్చెను. అప్పుడు ఆ పనిని చేతికి తీసికొని నిలువబెట్టినవాడు లూయిస్ గోంపర్ట్స్ అను యూదుడు. కొన్ని సంవత్సరములకే ఆ సంఘము తాను క్రైస్తవ నియమములమీద మాత్రమే నడచునని తీర్మానించుకొనగా, ఆయన విడిచిపోవలసివచ్చెను. 1840లో విక్టోరియా రాణి అనుమతితో ఆ సంఘమునకు రాజబిరుదు వచ్చెను. ఆ బిరుదును చూచునప్పుడు చెరసాలకు పోయినవానిని, వెలుపలికి పంపబడినవానిని మరచిపోరాదు. పని చేసినవానికి కృతజ్ఞత చూపుటకు అతని మతము అడుగనక్కరలేదు.

తరువాత జరిగినది

ఆ పిల్ల మరునాడు ఆ సంస్థకు తిరిగి వెళ్లి, తాను చెప్పకుండ వెళ్లిపోయిన సంగతి పర్యవేక్షకురాలికి ఉన్నదున్నట్లు చెప్పినది. ఆమె విని, కొంతసేపు ఊరకుండి, "తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా. ఎవరి వంతు ఎప్పుడో గోడమీద రాసి పెట్టవలసింది నేను" అన్నదట. ఇప్పుడు అక్కడ ఒక పలక వ్రేలాడుచున్నది. పేరు, గంట, పని చేసినవారి సంతకము దానిమీద నుండును. ఇంటికి వెళ్లువారు తమ తరువాతివారు వచ్చి సంతకము చేయువరకు కదలరాదు. ఆ పిల్ల సర్టిఫికెట్టును కళాశాలకు ఇచ్చినది. దానితోకూడ ఇచ్చిన నివేదికలో ఆ శనివారపు సంగతిని దాచక వ్రాసినది. ఆమె రెండు మాసములు ముగిసినవి. అయినను ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు అక్కడికి వెళ్లుచున్నది. దానికి సర్టిఫికెట్టు లేదు. ఆమె తండ్రి తన అభిప్రాయము ఇంకను మార్చుకొనలేదు. కాని స్కూటరుమీద తానే తీసికొనిపోయి, రెండు గంటలకు పది నిమిషములు ముందే దింపుచున్నాడట.

యౌవనులారా, ఇట్టి పనికి వెళ్లుడి. వెళ్లకముందు కూర్చుండి లెక్క చూచుకొనుడి. పరీక్షలెప్పుడు, పండుగలెప్పుడు, ఇంటిలో శుభకార్యములెప్పుడు అని చూచుకొని, నిలువబెట్టుకొనగలిగిన గంటలకే మాట యిండి. వారమునకు ఆరు దినములని చెప్పి మూడు దినములు రావడముకంటె, ఒక్క దినమని చెప్పి ఆ దినము తప్పకుండ వచ్చుట మేలు. రాలేనప్పుడు ముందుగా చెప్పి, మీ స్థానమున మరియొకరు నిలిచిన తరువాత కదలుడి. తలిదండ్రులారా, వారిని అడ్డగింపకుడి. అయితే ఆ సంస్థ వారికి ఏమి నేర్పునో, వారిని ఎట్లు కాపాడునో వెళ్లి చూచి రండి.

ఇక నా మాట. "నమ్మకస్తురాలు" అని నేను తొందరలో వ్రాసిన నాడు, ఆ మాట బరువు నాకే తెలియదు. ఆ పిల్ల వెళ్లిపోయిన తరువాత నా డైరీ తెరచి చూచుకొంటిని. మంచము పట్టి మాట పడిపోయిన ఒక వృద్ధురాలి ఇంటికి ఈస్టరు తరువాత వత్తునని చెప్పి వెళ్లలేదు. ఆమె నన్ను అడుగలేదు; అడుగలేదు గనుకనే మరచితిని. ఆ సాయంత్రమే వెళ్లితిని. మీరును మీ డైరీలు తెరచి చూచుకొందురుగాక.